సొర పిట్టుకు వంక పెట్టలేం, బుట్టలో సొరలే మరీ చిన్నవి

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక సందులో నాలుగు బల్లల మెస్. బోర్డు లేదు. పన్నెండున్నరకే జనం నిలబడి ఉంటారు. మా చెల్లి బాలింత, సొర చేప తింటే పాలు పడతాయని అమ్మ పిట్టు పార్సిల్ తెమ్మంది. వెళ్లినవాణ్ని నేనూ కూర్చున్నాను.

సొర ఒంట్లో యూరియా ఉంటుంది, కాస్త నిలవైతే ఘాటుగా అమ్మోనియా కంపు కొడుతుంది. ఇక్కడ ఆ కంపు లేదు. ఉడకబెట్టి, గరుకు తోలు వలిచి, నీళ్లు గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, దండిగా వెల్లుల్లి వేసి పొడిపొడిగా వేయించారు. ప్లేటు 180. అన్నం ముద్దయింది, చారు వట్టి నీళ్లు.

చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే బుట్టలో పాల సొరలు. మూరెడు ఉంటాయేమో. పాల సొర గుడ్లు పెట్టదు, ఏడాది పాటు కడుపులో మోసి పిల్లల్ని కంటుంది, అదీ ఈతకు ఎనిమిదికి మించి కాదు. ఈనే వయసు రావాలంటే 70 సెంటీమీటర్లు దాటాలి. అంతరించే ముప్పున్న జీవుల లెక్క తీసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్టులో ముప్పున్న జాతి కూడా.

"ఇంత చిన్నవాటిని పట్టకుండా చట్టం ఉండాలి కదా పిన్నీ" అన్నాను మెస్ నడిపే ఆవిడతో.

"వల్లో పడ్డాక ఏటి చేత్తాం బాబూ? తిరిగి ఏసినా బతకదు."

ఆవిడ మాటా కొట్టిపారేసేది కాదు. 2001 జులైలో కేంద్రం సొరలు, టేకు చేపలు అన్నిటినీ ఒకేసారి వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ ఒకటిలో పెట్టింది, అంటే పట్టడమే నిషేధం. మత్స్యకారులు గొడవ చేస్తే డిసెంబరుకల్లా పది జాతులకు కుదించింది. 2022లో పనామాలో జరిగిన సైటిస్ (ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారంపై దేశాల ఒప్పందం) సమావేశం పాల సొర కుటుంబం మొత్తాన్నీ జాబితాకెక్కించింది గానీ, అది దేశాలు దాటే వ్యాపారానికి. హార్బర్ నుంచి ఈ బల్ల మీదికి రావడానికి అది అడ్డు కాదు. నన్నడిగితే పాల సొరకు పూర్తి నిషేధం వద్దు. ఇంత సైజు లోపు అమ్మకూడదని, వల కన్ను ఇంత ఉండాలని గట్టిగా పెడితే చాలు. చచ్చిన చేపకు ధర పలకకపోతే పిల్లలు తిరిగేచోట వల వెయ్యడమే తగ్గిస్తారు. పిన్ని ఒప్పుకోలేదు, "నువ్వు తిన్నావు కదా" అంది. తిన్నాను మరి.

రుచికి నాలుగు స్టార్లు, మిగతా వాటికి రెండు. ఈసారి వెళ్తే కోనాం చేప పులుసే. పార్సిల్‌కి గిన్నె పట్టుకెళ్లండి, వాళ్ల కవరు కారి నా స్కూటీ డిక్కీ ఇంకా వాసనే.