వియన్నా గాసోమీటర్‌లో బస: డబ్బు పాత గోడకి, పడక కొత్త కాంక్రీటులో

"నూట పాతికేళ్ల చారిత్రక ఇటుక కట్టడంలో ఉండండి" అని ప్రకటన, దాని పైన బ్రహ్మాండమైన ఫొటో. రాత్రికి 118 యూరోలు, శుభ్రం చేసినందుకు మరో 65. ఊరి నడిబొడ్డున 95కే హోటల్ గది దొరుకుతున్నా, పాత కట్టడం మీద మోజుతో దీన్నే తీసుకున్నాం. తీరా చూస్తే మాకిచ్చిన ఫ్లాట్‌లో ఒక్క ఇటుక లేదు.

వియన్నాలో సిమ్మరింగ్ అనే పేటలో నాలుగు గుండ్రటి ఇటుక కట్టడాలు వరసగా నిలబడి ఉంటాయి. అవే గాసోమీటర్లు, ఒకప్పుడు ఊరికి బొగ్గు గ్యాస్ నిల్వ చేసిన ట్యాంకులు. మొదట్లో వియన్నా గ్యాస్ వ్యాపారం ఓ ఇంగ్లిష్ కంపెనీ చేతిలో ఉండేది. నగరపాలిక సొంత సరఫరా కోసం 1896-99 మధ్య వీటిని కట్టింది. ఒక్కోటి సుమారు 70 మీటర్ల ఎత్తు, 60 మీటర్ల వెడల్పు, 90 వేల ఘనపు మీటర్ల గ్యాస్ పట్టేది. లోపల మన గోబర్ గ్యాస్ డ్రమ్ములాగే ఇనప గంట నీళ్లలో తేలుతూ, గ్యాస్ నిండేకొద్దీ పైకి లేచేది. సహజవాయువు వచ్చాక 1984లో మూసేశారు. 1978లోనే రక్షిత కట్టడాలుగా ప్రకటించారు కాబట్టి కూల్చే వీల్లేదు. లోపలి సరంజామా పీకేసి, గోడలూ పైకప్పులూ ఉంచి, ఏ, బి, సి, డి అని ఒక్కోటి ఒక్కో ఆర్కిటెక్టుకి అప్పజెప్పారు. 2001లో జనం కాపురానికి వచ్చారు.

మాది బి. కోప్ హిమ్మెల్‌బ్లౌ సంస్థ ఇటుక గుండ్రానికి బయట, నడుం దగ్గర వంగినట్టుండే ఎత్తైన కొత్త భవనాన్ని ఆనించి కట్టింది. దాన్ని షీల్డ్ అంటారు. మా ఫ్లాట్ అందులో! సివిల్ ఇంజినీరైన మా బావమరిది గోడ తట్టి చూసి, "బావా, ఇది మన మియాపూర్ ఫ్లాట్‌కి అన్న కూడా కాదు, తమ్ముడు" అన్నాడు. షీల్డ్ మీద నాకు కోపం లేదు. కొత్తది కొత్తదానిలాగే కనిపిస్తోంది, నటించడం లేదు. దాన్ని పాతదని అమ్మడం మీదే నా కోపం. ఓనర్‌కి ఫోన్ చేస్తే, "కిటికీలోంచి ఇటుకలు కనిపిస్తాయి కదండీ" అన్నాడు. కనిపిస్తాయి, మెడ బయటపెట్టి పక్కకి తిప్పితే.

పైగా మేం దిగింది ఆదివారం. ఆస్ట్రియాలో ఆ రోజు దాదాపు దుకాణాలుండవు, పెద్ద రైల్వే స్టేషన్లలోని సూపర్ మార్కెట్ల లాంటివి తప్ప. కింద మాల్ ఉందని మురిసిపోయాం గానీ, సోమవారం కూడా చాలా షట్టర్లు దించే ఉన్నాయి. పాలు లేని కాఫీ తాగిన మా ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఆమె మనసు మారింది డి చూశాకే. విల్‌హెల్మ్ హోల్ట్స్‌బావర్ అక్కడ ఇళ్లని మధ్యలో మూడు రెక్కల నక్షత్రంలా కట్టి, రెక్కల మధ్య తోటలు వదిలాడు. ఎదురుగా పాత గోడ లోపలివైపు నిండుగా కనిపిస్తుంది. వియన్నా నగర దస్తావేజుల భాండాగారం కూడా అక్కడే. 'ఏ'లో ఆర్కిటెక్టు జాన్ నువెల్ పెట్టిన మెరిసే లోహపు గోడలు వెలుతుర్ని బాగానే లాగుతాయి, కానీ నాకు ఆఫీసులా అనిపించింది.

రవాణాకి వంక పెట్టలేం. యూ3 మెట్రో స్టేషన్ పేరే గాసోమీటర్. అక్కడినుంచి ఊరి నడిబొడ్డునున్న స్టెఫాన్స్‌ప్లాట్జ్‌కి రైలు మారకుండా పది నిమిషాల్లోపే. చూడ్డానికే అయితే గంట చాలు, బస ఊళ్లోనే పెట్టుకోండి. లేదు, అక్కడే ఉంటామంటారా, ఏ అక్షరమో, ఇటుక గోడకి లోపలో బయటో ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

వియన్నాలో 2024 జూలై నుంచి అనుమతి లేకుండా ఏడాదికి 90 రోజులకు మించి ఇంటిని పర్యాటకులకు ఇవ్వకూడదు. ఖాళీ చేసే రోజు మా బావమరిది ఆ లెక్క కాస్త చూపించమని ఓనర్‌ని మర్యాదగానే అడిగాడు. సాయంత్రానికి 65 యూరోలు వెనక్కి వచ్చాయి. అద్దె మాత్రం రాలేదు.