ఉచితంగా దొరికే పిల్లి బొమ్మకు 72,000 రూపాయలు: పిల్లల యాప్ కోడింగ్ తరగతులతో జాగ్రత్త

ఇది రాస్తున్న సమయానికి కూడా నా కోపం చల్లారలేదు కాబట్టి మాట ఎక్కడైనా కటువుగా వస్తే మన్నించండి. సంస్థ పేరు రాయడం లేదు. బడి పిల్లల చేత యాప్‌లు చేయిస్తామనే ప్రకటనలు మీ ఫోన్లలోనూ పొద్దున్నా సాయంత్రమూ వస్తూనే ఉంటాయి కనుక, నేను ఎవరి తరహా గురించి చెబుతున్నానో మీకు విడమరిచి చెప్పనక్కరలేదు.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. వాళ్ల నాయనమ్మ బీపీ మాత్ర వేసుకుందో లేదో మరచిపోతూ ఉంటుంది. వేళకు గుర్తు చేసే యాప్ ఒకటి తయారు చేసి బడిలో సైన్స్ ప్రదర్శనకు పెట్టాలని వాడి కోరిక. బడిలో వారానికి ఒక్క కంప్యూటర్ పీరియడ్ ఉంది గాని, అందులో పుస్తకం చూసి నోట్సు రాసుకోవడమే ఎక్కువ. సరిగ్గా అప్పుడే ఉచిత డెమో క్లాసు అన్న ప్రకటన కనిపించింది.

ఆ డెమోలో మా వాడు తెర మీద ఒక బటన్ పెట్టి, దాన్ని నొక్కితే రంగు మారేలా చేశాడు, అంతే. దానికే కౌన్సెలర్‌నని పరిచయం చేసుకున్న వ్యక్తి, "సార్, ఇలాంటి లాజిక్ వందమందిలో ఒకడికి ఉంటుంది, దీన్ని వృథా చేయకండి" అన్నాడు. కొడుకును పొగిడితే ఉబ్బిపోవడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. 144 తరగతులకు 72,000 రూపాయలనీ, ఏడాది తిరిగేసరికి బాబు పేరుతో ప్లే స్టోర్‌లో యాప్ ఉంటుందనీ, నచ్చకపోతే ఎప్పుడైనా మానేయవచ్చుననీ, ఈ ధర ఆ రాత్రి పన్నెండు వరకేననీ, ఫీజు నెలకు 6,000 చొప్పున కట్టుకోవచ్చుననీ చెప్పాడు. ఆధార్, పాన్ వివరాలు అడిగాడు, ఇచ్చాను. ఓటీపీ అడిగాడు, చెప్పాను.

నేను పని చేసేది బ్యాంకులో. "మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అన్న కాగితాన్ని నా కౌంటరు అద్దానికి స్వయంగా టేపు వేసి అంటించింది నేనే. అక్షరాలు ఖాతాదారుల వైపు ఉండేలా అంటించాను కనుక, ఇన్నాళ్లూ నాకు దాని వెనక తెల్ల కాగితమే కనిపించినట్టుంది. కొన్ని ఆన్‌లైన్ చదువుల సంస్థలు ఉచిత సేవల పేరుతో తల్లిదండ్రులను ఆటో డెబిట్‌కు, అంటే ఖాతాలోంచి వాయిదా దానంతటదే కోసుకునే ఏర్పాటుకు, ఒప్పిస్తున్నాయని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది. అదీ చదివినవాడినే. నేను కడుతున్నది ఫీజు వాయిదా కాదనీ, ఒక ఫైనాన్స్ కంపెనీలో నా పేరు మీద పుట్టిన అప్పు అనీ, మొత్తం సొమ్ము ఎప్పుడో ఆ సంస్థకు చేరిపోయిందనీ మొదటి వాయిదా ఖాతాలో కోత పడ్డాక గాని అర్థం కాలేదు.

పదకొండు తరగతుల్లో ముగ్గురు టీచర్లు మారారు. మాత్రల యాప్ గురించి వాడు అడిగిన ప్రతిసారీ "సిలబస్‌లో ముందు ముందు వస్తుంది" అన్నదే సమాధానం. చివరికి వాడి "మొదటి సొంత యాప్" అంటూ ఒక సర్టిఫికెట్ పంపారు. పిల్లి బొమ్మను ముట్టుకుంటే మ్యావ్ అంటుంది. బంధువుల వాట్సాప్ గ్రూపులన్నింటిలో పెట్టాను. మొన్న ఆదివారం మా వాడే నన్ను పిలిచి, యాప్‌లు తయారు చేసుకునే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ అనే వెబ్‌సైటు చూపించాడు. అందులో కొత్తగా చేరిన పిల్లలకు ఇచ్చే తొలి పాఠాల్లో ఒకటి అదే పిల్లి, అదే మ్యావ్. పక్కన సర్టిఫికెట్ తెరిచి పెట్టుకుని రెండింటినీ చాలాసేపు చూశాను. 2010లో గూగుల్ మొదలుపెట్టి తర్వాత అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి అప్పగించిన ఆ సాధనానికి ఒక్క రూపాయి కట్టనక్కరలేదు.

సోమవారం సాయంత్రం ఫోన్ చేశాను. జరిగిన తరగతులకు 5,500 ఉంచుకుని, మిగిలిన 66,500 అప్పు ఖాతాకు తిప్పి పంపమని మర్యాదగానే అడిగాను. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా వాడు కిటికీ దగ్గర వెలుతురులో నాయనమ్మ మాత్రల షీటును ఫోటో తీయడానికి అటూ ఇటూ తిప్పి సర్దుతున్నాడు. అవతలి నుంచి డెమో రోజు విన్న గొంతే వినిపించింది: "ఏడు రోజులు దాటితే రీఫండ్ లేదు సార్, మీరు ఒప్పుకున్న షరతుల్లోనే ఉంది. అయినా మా కోర్సులో లోపం లేదు. కొందరు పిల్లలకు కోడింగ్ ఎక్కదు, పేరెంట్సే అది ఒప్పుకోవాలి." మా వాడు షీటును కిటికీ గట్టు మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయాడు. డబ్బు కట్టించుకునే రోజున వందమందిలో ఒకడు, తిరిగి అడిగిన రోజున బుర్రకు ఎక్కనివాడు! అప్పుడైనా నాలుగు మాటలు అనవలసింది. "సరే సార్" అని పెట్టేశాను. కౌంటరులో కూర్చునే అలవాటు అలాంటిది.

ప్లే స్టోర్ మాట కూడా పచ్చి అబద్ధమని ఆ రాత్రే తెలిసింది. అక్కడ డెవలపర్ ఖాతా తెరవడానికి 18 ఏళ్లు నిండి ఉండాలి, 25 డాలర్ల రుసుము ఒక్కసారి కట్టాలి. పదమూడేళ్ల పిల్లవాడి పేరుతో ఖాతా ఎలా తెరుస్తారో వాళ్లకే తెలియాలి.

ఇప్పుడు ఆటో డెబిట్ ఆపితే నా సిబిల్ స్కోరు పడిపోతుంది, ఆపకపోతే నెలనెలా డబ్బు పోతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. నోటిమాటగా ఇచ్చిన హామీలు ఒక్కటీ నా దగ్గర రాతలో లేవన్నదే నా బాధ.

మీ పిల్లలు యాప్‌లు నేర్చుకుంటామంటే ముందు యాప్ ఇన్వెంటర్‌తో కూర్చోబెట్టండి. కంప్యూటరులో బ్లాకులు (కోడ్‌కు బదులు వాడే ఆదేశాల ముక్కలు) పేర్చి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో దాని కంపానియన్ యాప్‌తో తెర మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చేసినది వెంటనే ఫోన్‌లో కనిపిస్తుంది. చిన్న పిల్లలకైతే ఇలాగే బ్లాకులతో ఆటలు, బొమ్మలు చేయించే స్క్రాచ్ చాలు, అదీ ఉచితమే. డబ్బు కట్టి చేర్పించక తప్పదనుకుంటే నెల ఫీజు నెలకే కట్టండి, ఓటీపీ అడిగితే అది దేనికి వచ్చిందో ఆ మెసేజ్ పూర్తిగా చదవండి, డెమో రోజున చెప్పే ప్రతి మాటా మెయిల్‌లో పంపమనండి.

రెండు వాయిదాలు పోయాయి. మూడోది 5వ తేదీన.