నీలగిరి, రాగి, మామిడి: ఊళ్ళో పొలానికి ఏది మేలు?

బెంగళూరులో కోలారు జిల్లా తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే మాట పొలం మీదికి పోతుంది. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు వాటాకొచ్చిన రెండు మూడెకరాలు, అందులో పెద్దవాళ్ళు ఎప్పుడో నాటిన నీలగిరి (యూకలిప్టస్) చెట్లు. అందరూ అడిగేది ఒకటే: దాన్ని అలాగే ఉంచాలా, తీసేసి ఇంకేదైనా వేయాలా?

నీలగిరి సుఖం కాదనలేం. పశువులు ముట్టవు, కాపలా అక్కర్లేదు, కూలోళ్ళ టెన్షన్ లేదు. ఐదారేళ్ళకోసారి బేరగాడొచ్చి నరుక్కుని డబ్బులిచ్చి పోతాడు, మొద్దులు మళ్ళీ చిగురేస్తాయి. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? 1980లలో సామాజిక అడవుల పథకం వచ్చినప్పుడు రాగి చేలు నీలగిరి తోపులైందీ ఈ సుఖం చూసుకునే.

నా లెక్క మాత్రం నీళ్ళ దగ్గర తేలుతుంది. కోలారుకు ఏడాది పొడవునా పారే నది లేదు. చేలో పడ్డ వానే కొంత ఇంకాలి, కొంత వంకల్లో పారి చెరువు చేరాలి. 1990లలో శాస్త్రవేత్తలు హొసకోటె దగ్గర కొలిచి చూస్తే, లోతైన మట్టిలోని నీలగిరి, పడిన వానకన్నా ఎక్కువ నీళ్ళు తాగినట్టు తేలింది. ఆ పైది నేల అడుగున నిలవున్న తేమే. రాగి లాంటి పంట వాడేది చెట్లు వాడేదాంట్లో సుమారు సగం.

మా గట్టుకు అటు పక్కవాళ్ళ నీలగిరి, ఇటు మా రాగి. కార్తీకంలో వాన వెలిశాక గడ్డపారతో రెండు వైపులా తవ్వి చూశాం. రాగి వైపు మూరెడు లోతు మట్టి పిడికిట్లో ముద్ద కట్టింది. నీలగిరి వైపు ఎండాకు తోసి జానెడు తవ్వేసరికే పొడి, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. పడిన వాన ఒకటే, నేలా ఒకటే.

‘కేసీ వ్యాలీ నీళ్ళొస్తున్నాయిగా’ అంటారు కొందరు. నిజమే, 2018 నుంచి మన బెంగళూరు మురుగునీటినే శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. కానీ అది ఆ పైపులూ కాలువలూ కలిసే చెరువులకే. మిగతా ఊళ్ళకు ఇప్పటికీ వానే దిక్కు. ప్రభుత్వం కూడా 2017లో కొత్తగా నీలగిరి నాటొద్దని ఉత్తర్వు ఇచ్చింది. పాత మొద్దులు మాత్రం చిగురేస్తూనే ఉన్నాయి.

మామిడి నేలకు చెరుపు చేయదు. మొదటి రెండు మూడేళ్ళు ట్యాంకరుతోనైనా నీళ్ళు పోయగలిగితే తర్వాత తట్టుకుంటుంది. భయమంతా ధర గురించే. 2025లో తోతాపురి ధర పడిపోయి, చిత్తూరు జిల్లా వాళ్ళు కర్ణాటక కాయను రానివ్వనిదాకా వెళ్ళింది. వేసేదుంటే అంతా తోతాపురే వేయొద్దు.

సోలార్ ప్యానెళ్ళకు పొలం లీజుకివ్వడం మన చేతిలో ఉండేది కాదు, పెద్ద కంపెనీలకు పక్కపక్కనే చాలా ఎకరాలు కావాలి. లేఔట్ వేస్తే వంకను కూడా పూడుస్తారు. దాని గురించి ఇంకేం మాట్లాడను.

నేనైతే రాగే అంటాను. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. కలుపు, కోత తలనొప్పే, ఊళ్ళో లేనివాళ్ళు కోరుకు (పంటలో వాటాకు) ఇవ్వడమే దారి. గడ్డికి ఆవులున్న ఇళ్ళవాళ్ళు ముందే వచ్చి చెప్పుకుంటారు. సాళ్ళ మధ్య అనప వేయిస్తే సంక్రాంతికి కాయలు ఇంటికొస్తాయి (బసవనగుడిలో కొనే బాధ తప్పుతుంది). నీడ కావాలంటే గట్ల మీద చింత, కానుగ చాలు.

తీయించేటప్పుడు చెట్లు నరికించి ఊరుకోకండి. జేసీబీతో మొద్దులు వేళ్ళతో సహా పెకలించాలి, లేకపోతే మళ్ళీ మొలుస్తాయి. ఖర్చు గట్టిగానే అవుతుంది కాబట్టి, కలప బేరమప్పుడే మొద్దులు తీసే పని కూడా బేరగాడికే అంటగట్టండి. మొదటి ఏడాది రాగి జోలికి పోకుండా ఉలవలు చల్లించండి.