బ్రేకుల్లేని ఆ జీపు కోసం ఇంకోసారి: గాడ్స్ మస్ట్ బీ క్రేజీ

ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. విమానంలోంచి సీసా పడడం, దాన్ని ప్రపంచం చివర పారెయ్యడానికి షి అనే కలహారి ఎడారి మనిషి బయల్దేరడం, ఈ కథంతా చూడనివాళ్ళకి కూడా తెలుసు కాబట్టి దాని జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఆ జీపు గురించి. అది ల్యాండ్ రోవర్ అని తెలుసు, కానీ మా వైపు నాలుగు చక్రాల మీద గతుకుల్లో వెళ్ళేదేదైనా జీపే.

మొదటిసారి చూసింది 1988 ఎండాకాలంలో, టెక్కలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో. పిన్ని పెళ్ళికి టీవీ, డెక్కు అద్దెకి తెచ్చారు. రాత్రంతా మూడు క్యాసెట్లు వెయ్యాలని ఒప్పందం. రెండు తెలుగు సినిమాలయ్యేసరికి ఒంటిగంట దాటింది. మూడోది ఇంగ్లీషని తెలియగానే ఆడవాళ్ళు లేచి చాపలు దులుపుకుంటున్నారు, మగవాళ్ళలో సగంమంది పందిట్లోనే నిద్రపోయారు. మా పెద్ద మావయ్య మాత్రం వెనక గోడకి ఆనుకుని బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. ఆయనకి ఒక పాత జీపుండేది, టెక్కలి నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి జనాన్ని తిప్పేవాడు.

ఆ జీపు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. దానికి సెల్ఫ్ పనిచేసేది కాదు. అందుకని మావయ్య ఎక్కడ ఆపినా పల్లం చూసుకుని ఆపేవాడు. బయల్దేరేటప్పుడు కిందికి వదిలితే, సగం దూరం దొర్లాక గేరు వేస్తే అంటుకునేది. హ్యాండ్ బ్రేకు పేరుకే. దాని బదులు సీటు కింద ఒక తాటి దుంగ ముక్క ఉండేది. ఒక పక్క టైరు రాసుకుని రాసుకుని నల్లగా నున్నబడిపోయింది, ఇంకో పక్క చిల్లు పెట్టి కొబ్బరితాడు కట్టారు, కదిలే ముందు లాగెయ్యడానికి. బండి ఆగీ ఆగకముందే దూకి ఆ ముక్క టైరు కింద పెట్టాలి. సెలవుల్లో ఆ పని నాదే. ఒకసారి ఆలస్యమైతే జీపు వెళ్ళి గడ్డివాముకి ఆనుకుంది, ఆ రోజు పడ్డ తిట్లు ఇప్పటికీ గుర్తే.

సరే, సినిమాలో ఒక సైంటిస్టు టీచరమ్మని తీసుకురావడానికి వెళ్తాడు. బండికి బ్రేకుల్లేవు, ఇంజన్ ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. దారిలో గేటు వస్తుంది. దిగితే బండి నిలవదు, బండిని పట్టుకుంటే గేటు దగ్గరికి వెళ్ళలేడు. అతను అటూ ఇటూ పరిగెత్తడం మొదలుపెట్టగానే వెనకనించి మావయ్య లేచి నిలబడి, నిద్రపోయినవాళ్ళు కూడా ఉలిక్కిపడేలా, "ఒరే బాబూ, రాయెట్టరా టైరు కింద! రాయెట్టు ముందు!" అని అరిచాడు. పందిరి మొత్తం ఒక్కసారి ఘొల్లుమంది. వెళ్ళిపోతున్న ఆడవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. అక్కణ్ణించి మావయ్యే మాకు వ్యాఖ్యాత. ఇంజన్ ఎందుకు ఆపకూడదో, అతను గేరుతో ఏం చేస్తున్నాడో, అంతా చెప్పుకుంటూ పోయాడు. ఒక్క ఇంగ్లీషు ముక్క రాని మనిషి ఆ భాగం మొత్తాన్ని ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. ఆ రాత్రి మావయ్య నవ్వినంతగా ఇంకెప్పుడూ నవ్వగా చూడలేదు.

తర్వాత ఎన్నోసార్లు, ఎంతోమందితో కూర్చుని చూశాను. ప్రతిసారీ గేటు దగ్గరే నవ్వు మొదలవుతుంది. ఎందుకా అని ఆలోచిస్తే, దర్శకుడు జేమీ ఉయిస్ బండి కష్టమేంటో ముందే మనకి చెప్పేస్తాడు. ఇక అక్కణ్ణించి ఆ సైంటిస్టుకంటే మనకే కంగారు. పైగా అతను కోతి చేష్టలు చెయ్యడు, నిజంగా టీచరమ్మని మర్యాదగా తీసుకెళ్ళాలని తాపత్రయపడతాడు. బండిని తాడుతో లాగే వించ్ వల్ల అదే బండి చివరికి చెట్టెక్కి వేలాడుతుంది చూడండి, అక్కడ ఒక్క మాట లేదు, ఒక్క మాట అక్కర్లేదు. నిప్పు కనబడితే చాలు వచ్చి తొక్కి ఆర్పేసే ఖడ్గమృగం కూడా అంతే.

ఒకప్పుడు సినిమా మొత్తం ఇలాగే ఉంటుందని అందరికీ చెప్పేవాణ్ణి. అంత కాదు. ఫిల్ము వేగం పెంచి మనుషుల్ని చకచకా పరిగెత్తించిన చోట్లన్నీ చిన్నప్పుడు కడుపుబ్బా నవ్వించాయి, ఇప్పుడు చూస్తే కొన్ని మరీ ఎక్కువయ్యాయనిపిస్తుంది. జీపు దాని వేగంలో అది మెల్లగా జారుతున్నప్పుడే నాకు బాగా నవ్వొస్తుంది. తిరుగుబాటుదారుల భాగం కూడా నాకెప్పుడూ సరిగా అతకలేదు.

అసలు మార్పు వేరే చోట వచ్చింది. ఉద్యోగరీత్యా మూడేళ్ళు మందస వైపు ఉన్నాను. మహేంద్రగిరి పక్క కొండల్లో సవర గిరిజనుల ఊళ్ళు చాలా ఉన్నాయి. నాతో పనిచేసినాయన ఒకాయన సవర. ఒక వానాకాలం రాత్రి మా గదిలో లాప్‌టాప్‌లో ఈ సినిమా వేశాను, జీపు దగ్గర ఆయన ఎలా నవ్వుతాడో చూడాలని. నవ్వాడు, కళ్ళనీళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు, వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాడు. కానీ షి వాళ్ళ కుటుంబం కనబడినప్పుడల్లా సైలెంట్ అయిపోయేవాడు. అయ్యాక అడిగాడు, "వాళ్ళు అంతసేపు మాట్లాడుకున్నారు కదండీ, ఏం మాట్లాడారో కింద రాయలేదేం?"

నేనది అప్పటిదాకా గమనించనే లేదు. వాళ్ళ మాటలకి సబ్‌టైటిల్స్ ఉండవు, పక్కనుంచి ఒక గొంతు వాళ్ళేమనుకుంటున్నారో మనకి చెప్తూ ఉంటుంది. "మా గురించీ అంతేనండీ, పక్కన నిలబడి ఎవరో ఒకరు చెప్తారు" అన్నాడాయన, కోపంగా కాదు, మామూలుగానే. నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. మా జిల్లా మనిషే, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. అలాంటాయన పుట్టిన చోట పెరిగి, తెర మీద మనుషులు ఏమంటున్నారో తెలుసుకోవాలని నాకు ఇన్నేళ్ళూ అనిపించకపోవడం చాలా బాధేసింది.

ఆ తర్వాత కొంత చదివాను. షి వేషం వేసిన నికావ్‌ది నమీబియా. సినిమాలో చూపించినట్టు బయటి ప్రపంచం ఎరగని మనుషులేం కాదు ఆయన జనం. 1980లోనే, అంటే సినిమా వచ్చిన ఏడాదే, జాన్ మార్షల్ అదే జనం మీద ఒక డాక్యుమెంటరీ తీశారు. అందులో ఈ సినిమా షూటింగ్ కూడా కొంచెం కనబడుతుంది. రేషన్ కోసం కూర్చున్నవాళ్ళు, జబ్బులు, దక్షిణాఫ్రికా సైన్యంలో చేరుతున్న కుర్రాళ్ళు, ఇదీ అక్కడి అసలు బతుకు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టాలు నడుస్తున్న రోజుల్లో అక్కడివాళ్ళు తీసిన సినిమా ఇది. అవన్నీ తెలిశాక షి వాళ్ళని చూపించే మొదటి పావుగంట మునుపటిలా చూడలేకపోతున్నాను.

నికావ్ మీద ఇష్టం మాత్రం పెరిగింది. సీసాని చేత్తో తిప్పి చూసేటప్పుడు ఆయన మొహం చూడండి, చివర్లో జీతంగా ఇచ్చిన నోట్లని గాలికి వదిలేసి నడుచుకుంటూ వెళ్ళిపోవడం చూడండి. పక్కన గొంతు ఏం చెప్తున్నా ఆయన మొహం దాని పని అది చేసుకుపోతుంది. 2003లో పోయారు.

చూడొచ్చా అంటే, నా వరకు నేను మళ్ళీ చూస్తాను. కానీ ఆ తాటి ముక్క పట్టుకుని దూకినవాణ్ణి కాబట్టి నా మాట పూర్తిగా నమ్మకండి. పోయిన సంక్రాంతికి శ్రీకాకుళంలో అప్ప ఇంట్లో మా మేనకోడలికి చూపిస్తే, గేటు దగ్గర అది నవ్వలేదు సరికదా, "మావయ్యా, హ్యాండ్ బ్రేక్ వెయ్యొచ్చు కదా" అంది. బండి చెట్టెక్కాక మాత్రం సోఫాలోంచి కిందపడి నవ్వింది. చిన్నపిల్లలతో చూసేటట్టయితే మంత్రుల మీటింగులో కాల్పుల సీన్ ఒకటుంది, అది ముందుకి జరిపెయ్యండి. షి వాళ్ళ భాగాలప్పుడు పక్కన కూర్చుని నాలుగు ముక్కలు చెప్పండి.

మావయ్య జీపు ఎప్పుడో పాతసామాన్లకి పోయింది, మావయ్యా లేడు. దుంగ ముక్క మాత్రం తాడుతో సహా అమ్మమ్మగారింటి అటక మీద ఉందని అప్ప చెప్పింది. ఈసారి వెళ్ళినప్పుడు దింపి మేనకోడలి చేతిలో పెట్టి, గేటు సీన్ మళ్ళీ వేస్తాను.