లార్జ్ అడ్వెంట్ స్పీకర్లకు కొత్త ఫోమ్ అంచు: ఒక కిట్‌పై సమీక్ష

హెన్రీ క్లాస్ రూపొందించిన లార్జ్ అడ్వెంట్ స్పీకర్లు 1970 దశకంలో అమెరికాలో విరివిగా అమ్ముడుపోయాయి. పాత సామాను అమ్మకాల్లో అవి ఇప్పటికీ కనిపిస్తుంటాయి. పెట్టె, అయస్కాంతం, కదులుతూ శబ్దం పుట్టించే కాగితపు కోన్ చెక్కుచెదరకుండా ఉన్నా, కోన్‌ను ఫ్రేమ్‌తో కలిపే ఫోమ్ అంచు మాత్రం చాలా జతల్లో శిథిలమై ఉంటుంది. నా దగ్గరున్న జతకు ఫోమ్ మార్చే కిట్ ఒకటి తెప్పించి వాడాను. దాని మంచిచెడ్డలతో పాటు, పాత ఫోమ్‌ను నిలబెడతాయంటూ అమ్మే పూత ద్రవాల గురించి కూడా ఇక్కడ చెబుతాను.

ముందుగా పూతల సంగతి. ఈ అంచులు పాలీయురేథేన్ ఫోమ్‌తో చేసినవి. గాలిలోని తేమ ఆ పదార్థపు అణువుల గొలుసులను లోలోపలే తెంచుతూ పోతుంది. వేడి, వెలుతురు ఆ క్షయాన్ని మరింత వేగవంతం చేస్తాయి. వేలు ఆనిస్తే నల్లగా, జిగటగా అంటుకుని, ఆపైన పొడిగా రాలిపోయే దశకు వచ్చిన ఫోమ్‌పై రబ్బరు పాలు పూసినా, సిలికాన్ పూసినా లోపలి క్షయం వెనక్కి మళ్లదు. పైగా అడ్వెంట్ పూర్తిగా మూసిన పెట్టె. లోపల బిగిసి ఉన్న గాలే కోన్‌కు స్ప్రింగుగా పనిచేస్తుంది కాబట్టి అంచు ఎంతో మెత్తగా ఉండాలి. పూత వల్ల ఆ అంచు బరువెక్కి బిరుసెక్కితే, ఈ స్పీకర్‌కు పేరు తెచ్చిన లోతైన బాస్ పోతుంది. సిలికాన్‌తో ఇంకొక నష్టం కూడా ఉంది: అది కోన్‌కు పాకితే తర్వాత ఏ జిగురూ సరిగా పట్టదు.

ఫోమ్ ఇంకా మెత్తగానే ఉన్నవారు చేయగలిగింది ఒకటే. స్పీకర్లను ఎండ తగలని పొడి గదిలో ఉంచి, ముందు జాలీని తీయకుండా, అంచును ఊరికే వేలితో నొక్కి చూడకుండా ఉండాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో పాత స్పీకర్లు దాచుకున్నవారికి ఈ మాట మరీ వర్తిస్తుంది.

ఇక కిట్. ఇందులో రెండు ఫోమ్ రింగులు, ఒక సీసా తెల్ల జిగురు, సన్నని ప్లాస్టిక్ పట్టీలు, కొత్త డస్ట్ క్యాపులు (కోన్ మధ్యలో ఉండే మూతలు), ఒక సూచనల కాగితం ఉన్నాయి. రింగుల నాణ్యత నాకు పూర్తిగా నచ్చింది: వంపు చుట్టూ ఒకే తీరుగా ఉంది, ఎక్కడా చిల్లులు లేవు, మెత్తదనం సరిపోయింది. జిగురు వెంటనే బిగుసుకోదు కాబట్టి రింగును కోన్ మీద అటూ ఇటూ జరిపి సరిచేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఆరాక మరక కనిపించదు.

లోటంతా సూచనల కాగితంలోనే ఉంది. మొత్తం పనిలో ఎక్కువ సమయం తీసుకునేది, ఎక్కువ జాగ్రత్త కోరేది పాత ఫోమ్ అవశేషాలను తొలగించడం. దానికి ఆ కాగితం ఒక్క వాక్యమే కేటాయించింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డను కొద్దిగా తడిపి, పాత జిగురు మెత్తబడ్డాక మొద్దు అంచున్న ప్లాస్టిక్ ముక్కతో, కోన్ వెనుక అరచేయి ఆనించి నెమ్మదిగా గీకాలి. తొందరపడితే కోన్ కాగితపు పొరలు లేచిపోతాయి. అలాగే, తొలి అడ్వెంట్ వూఫర్లకు (బాస్ పలికించే పెద్ద కోన్ భాగాలకు) మేసనైట్ అనే గట్టి చెక్కపొట్టు అట్టతో చేసిన రింగు ఉంటుంది, తర్వాతివాటికి లోహపు ఫ్రేమ్ ఉంటుంది. రెండింటికీ ఒకే ఫోమ్ సరిపోదు గనుక, ఆర్డర్ పెట్టేముందు వూఫర్ విప్పి చూసుకోవడం తప్పనిసరి.

వాయిస్ కాయిల్ (కోన్ వెనుక ఉండే తీగచుట్ట) అయస్కాంతపు గ్యాప్ మధ్యలో సరిగ్గా నిలబడేందుకు, డస్ట్ క్యాప్ కోసి, ప్లాస్టిక్ పట్టీలను కాయిల్‌కూ లోపలి ఇనుప దిమ్మకూ మధ్య దూర్చి, ఆ తర్వాతే బయటి అంచును ఫ్రేమ్‌కు అతికించాలి. క్యాప్ కోయకుండా 30 హెర్ట్జ్ శబ్దాన్ని తక్కువ స్థాయిలో నడుపుతూ అతికించే పద్ధతి కూడా ఉంది గానీ, మొదటిసారి చేసేవారికి పట్టీలే నమ్మకమని నా అభిప్రాయం.

రబ్బరు అంచు ఎక్కువ కాలం మన్నుతుందని కొందరు దానినే ఎంచుకుంటున్నారు. ఈ వూఫర్‌కు మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను. రబ్బరు బరువు ఎక్కువ, కోన్ కదలిక తీరే మారిపోతుంది.

జిగురు పూర్తిగా ఆరాక వూఫర్‌ను పెట్టెలో బిగించి, కోన్‌ను రెండు వైపులా సమానంగా వేళ్లతో లోపలికి నొక్కి వదిలాను. గీచుకున్న చప్పుడు లేదు. కోన్ ఠక్కున కాక, నింపాదిగా ముందుకు వచ్చింది. పెట్టెలోంచి గాలి లీకవడం లేదనడానికి అదే గుర్తు. సూచనల కాగితాన్ని పక్కన పెడితే, ఈ కిట్‌ను నిస్సంకోచంగా కొనవచ్చు.