పాడ్ ఒకటే, బెల్టులు మూడు

"కట్టుకుంటే చాలు, ఇంక దాని సంగతి మర్చిపోవచ్చు." గుండె లెక్క చెప్పే ఛాతీ బెల్టు గురించి మొదట్లో అడిగిన వాళ్ళందరికీ చెప్పిన మాట ఇది. రెండున్నరేళ్ళు వాడినాక ఈ మాటను కొంచెం సవరించుకోవాల్సి వస్తున్నది. కట్టుకున్నప్పుడు మర్చిపోవచ్చు, నిజమే. విప్పినాక మర్చిపోతే మాత్రం పగబడుతుంది.

కంపెనీ పేరు అనవసరం. ఏ కంపెనీది కొన్నా ఉండేవి రెండే: ఛాతీకి కట్టే సాగే బెల్టు, దానికి రెండు టిచ్ బటన్లతో తగిలించే పాడ్, అంటే దెబ్బలు లెక్కపెట్టి వాచీకి పంపే చిన్న బిళ్ళ. మిగతా వివరాలన్నీ డబ్బా మీద ఉంటాయి.

కొన్నది వాచీ మీద కోపంతో. వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగడం, తగ్గడం చూసి లెక్క చెబుతుంది. కుర్చీలో కూర్చుంటే బాగానే చెబుతుంది. పరుగులో చెయ్యి ఊగేసరికి ఆ ఊపు కూడా దానికి నాడిలాగే కనిపిస్తుంది. భద్రకాళి బండ్ మీద ముచ్చట పెట్టుకుంటూ పోయే నిదానపు పరుగులో 172 చూపిస్తుంది. ఆగీ ఆగగానే మెడ దగ్గర వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెడితే 34, అంటే నిమిషానికి 136. మరి ఆ 172 ఎక్కడిది? అడుగులది. మనలాంటి వాళ్ళకు నిమిషానికి 160 నుంచి 180 దాకా అడుగులు పడతాయి. వాచీ గుండెను వదిలేసి పాదాన్ని పట్టుకుంటుంది. మీ వాచీ కూడా ఇదే చేస్తున్నదేమో తేల్చుకోవాలంటే పల్స్, క్యాడెన్స్ (నిమిషానికి పడే అడుగులు) రెండూ ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టుకోండి. రెండంకెలూ కాడికి కట్టిన ఎడ్లలాగా కలిసి నడుస్తుంటే అది చెప్పేది గుండె సంగతి కాదు. వాచీ బెల్టును ఒక రంధ్రం బిగించి, మణికట్టు ఎముకకు రెండు వేళ్ళ పైన కడితే కొంత సర్దుకుంటుంది. చలికాలంలో అదీ అంతంతే. చల్లటి చర్మానికి రక్తం తగ్గిపోతుంది, లైటుకు చూడడానికి ఏమీ మిగలదు.

ఛాతీ బెల్టుది వేరే పద్ధతి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పుట్టే కరెంటును నేరుగా పట్టుకుంటుంది, దవాఖానలో ఈసీజీ తీసినట్టే. చెయ్యి ఊగినా, చలి పెట్టినా దానికి పట్టింపు లేదు.

దీని విలువ తెలిసేది హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) ట్రాక్ మీద. 1000 మీటర్లు ఐదుసార్లు కొట్టే రోజున ఒక్కో వెయ్యికీ అంకె ఎంత దాకా ఎక్కింది, మధ్యలో 400 జాగింగ్ చేసేటప్పుడు ఎంతకు దిగింది అనేది స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్కే అంకె కన్నా దిగే అంకెతోనే పని ఎక్కువ. మొదటి మూడింటికీ 130 కిందికి దిగి, నాలుగోదానికి 145 దగ్గరే నిలబడిపోతే ఐదోది మానేసి ఇంటికి పోవడమే మంచిది. ఒక్కో రౌండు, అంటే 400 మీటర్ల చొప్పున ఆగి ఆగి కొట్టే రిపీట్లకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. గుండె కాళ్ళ వెనకాల నడుస్తుంది. వేగం పెంచినాక అంకె పైకి చేరడానికి అర నిమిషం పైనే పడుతుంది. 2021 సెప్టెంబరులో హర్మిలన్ బైన్స్ 1500 మీటర్ల జాతీయ రికార్డు రాసింది ఈ ట్రాక్ మీదే, 4 నిమిషాల 5.39 సెకన్లలో. అంటే రౌండుకు 65 సెకన్లు. అంత వేగంలో బెల్టు నిజం చెప్పేసరికి సగం రౌండు దాటిపోతుంది. 100 సెకన్లకు రౌండు తిరిగే వాళ్ళకు కూడా మూడో వంతు అయిపోతుంది. చిన్న రిపీట్లకు వాచీలో సమయమే చూసుకోవాలి.

ఇంకొక్క పని దీనితోనే సాధ్యం: మీ థ్రెషోల్డ్, అంటే గట్టి పరుగులో ఎక్కువసేపు నిలబెట్టుకోగలిగే పై అంకె, తేల్చుకోవడం. గుండె గరిష్ఠంగా ఎంత కొట్టుకోగలదో చెప్పడానికి 220లోంచి వయసు తీసేసే లెక్క మనిషిని బట్టి పది పన్నెండు అటో ఇటో తప్పుతుంది, దాని మీద జోన్లు (ఏ పరుగుకు ఎంత నుంచి ఎంత దాకా అనే అంకెల హద్దులు) కట్టుకుంటే నిదానపు పరుగు కూడా తప్పుతుంది. దాని బదులు ట్రాక్ మీద ఒంటరిగా 30 నిమిషాలు పోటీలో ఉరికినట్టు ఉరకండి. పదో నిమిషానికి ల్యాప్ బటన్ నొక్కండి. చివరి 20 నిమిషాల సగటే మీ థ్రెషోల్డ్. మణికట్టు లెక్కతో ఈ పరీక్ష చేస్తే మీ థ్రెషోల్డ్, మీ క్యాడెన్స్ ఒక్కటే అని తేలే ప్రమాదం ఉంది.

ఇక అసలు సంగతి. పద్నాలుగో నెలలో లొల్లి షురూ అయింది. నిదానంగా కదిలిన మొదటి కిలోమీటరులోనే 215. రెండో కిలోమీటరుకు 138, సరే అనుకునేంతలో ఐదో కిలోమీటరులో 78. అందరూ చేసే పొరపాటే ఇక్కడా జరిగింది: సెల్లు మార్చడం. కొత్త సెల్లు వేసినాక రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్ళీ 215. తర్వాత వాచీలోంచి తీసేసి మళ్ళీ జత చేయడం. అదీ దండుగే. సెల్లు అయిపోతే అంకె మాయమవుతుంది, స్క్రీన్ మీద గీతలు పడతాయి. అబద్ధపు అంకె వస్తున్నదంటే చాలావరకు సెల్లుది తప్పు కాదు. ఈ తేడా ముందే తెలిసి ఉంటే రెండు సెల్లులు మిగిలేవి.

తప్పు పాడ్‌దా, బెల్టుదా అని తేల్చడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. పాడ్‌ను బెల్టు నుంచి ఊడదీయండి. రెండు బొటనవేళ్ళూ తడి చేసి ఎడమది ఒక బటన్ మీద, కుడిది రెండో బటన్ మీద ఆనించి, కదలకుండా అర నిమిషం పట్టుకోండి. రెండు చేతుల నడుమ ఉన్నది గుండే కాబట్టి పాడ్‌కు అప్పుడు మీ చేతులే బెల్టు. వాచీలో 65, 70 లాంటి అంకె నిలకడగా వస్తే పాడ్ బంగారంలా ఉన్నట్టు. ఇక్కడా అదే వచ్చింది.

బెల్టును తిరగేసి వెలుతురులో చూస్తే రెండు దోషాలు బయటపడ్డాయి. టిచ్ బటన్ల గుంటల్లో పచ్చగా చిలుము. పాత టూత్‌బ్రష్‌ను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి రుద్దితే అది పోయింది. సెల్లు మార్చినప్పుడు రెండు రోజులు బాగున్నదీ ఇందుకే; ఊడదీసి తగిలించడంలో బటన్లు కొంచెం రాసుకుని చిలుము గీసుకుపోయింది, సెల్లు మహిమ కాదు. రెండో దోషానికి మందు లేదు. చర్మానికి ఆనే నల్లటి ముక్కల మీద ఎండాకాలపు చెరువు మట్టిలాగా సన్నటి పగుళ్ళు. కరెంటు మోసే పూత తెగిపోతే అది ఉత్త రబ్బరే.

దీనికి కారణం వాడకమే, సరుకు కాదు. పరుగయ్యాక పాడ్ ఊడదీయకుండా చెమట బెల్టును అలాగే స్కూటీ డిక్కీలో పడేయడం. తడి బెల్టు రెండు బటన్లనూ కలిపేస్తుంది. పాడ్ ఇంకా మనిషి ఒంటి మీదే ఉన్నాననుకుని మేలుకొనే ఉంటుంది. రోజుకు గంట వాడితే సుమారు ఏడాది రావాల్సిన సీఆర్ 2032 సెల్లు మూడు నెలలకే పోతుంది. పైగా ఉప్పు నీళ్ళల్లో నానుతున్న బటన్ల నుంచి కరెంటు పారుతూనే ఉంటుంది, చిలుము త్వరగా పట్టేది అందుకే. మే నెల డిక్కీ వేడి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పాటించేది ఇది. విప్పగానే పాడ్ ఊడదీసి తుడవడం. బెల్టును కుళాయి కింద పట్టి రెండు వైపులా కడగడం. వారానికోసారి గోరువెచ్చటి నీళ్ళు, ఒంటి సబ్బు, వేళ్ళతో మెల్లగా. పిండొద్దు, బ్రష్ కొట్టొద్దు, బట్టలు మెత్తబడడానికి పోసే ద్రవం అసలే వద్దు. అది నల్ల ముక్కల మీద పొరలా నిలుస్తుంది. మన దిక్కు బోరు నీళ్ళతో కడిగితే ఆరినాక తెల్లటి పొర కూడా మిగులుతుంది, అందుకే చివరగా ఒక గ్లాసు తాగే నీళ్ళు పోయాలి. నీడలో పరిచి ఆరబెట్టాలి. ఇంకోటి: ఒరుసుకుపోకుండా కొబ్బరి నూనె, వాజలీన్ రాసుకునే వాళ్ళు బెల్టు అంచు తగిలే గీత మీదే రాసుకోవాలి. నల్ల ముక్క కింద జిడ్డు చేరితే ఆ రోజు లెక్క గోవిందా.

రెండో బెల్టు అసలు ధరలో నాలుగో వంతుకు దొరికిన పేరులేని సరుకు. నాలుగు నెలలు. రెండు బటన్ల మధ్య దూరం పాడ్ కన్నా రెండు మిల్లీమీటర్లు తక్కువ. తగిలించినప్పుడల్లా బెల్టును లాగాల్సి వచ్చేది, ఒక రోజు బటన్ గుడ్డతో సహా ఊడి చేతికొచ్చింది. విడి బెల్టు కొనే ముందు పాడ్ బటన్ల దూరాన్ని నడిమి నుంచి నడిమికి స్కేలుతో కొలుచుకోండి. మూడోది మళ్ళీ అసలు కంపెనీదే, ఏడాదిగా నడుస్తున్నది.

సెల్లు మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. మూత కింది నల్లటి రబ్బరు రింగు మెలిక పడితే చెమట లోపలికి దిగుతుంది. అది గాడిలో సరిగ్గా కూర్చున్నాకే రూపాయి బిళ్ళతో మూత తిప్పాలి. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్లులు వస్తున్నాయి. ఆ పూత కొన్ని పాడ్‌లలో కరెంటుకు అడ్డం పడుతుంది, స్పిరిట్ గుడ్డతో తుడిచి వేయండి.

చలికి పట్టింపు లేదని పైన రాసినదానికి ఒక మినహాయింపు. డిసెంబరు, జనవరి పొద్దుగాల గాలి పొడిగా ఉంటుంది, ఒంటి మీద చెమట ఉండదు. వదులు పాలిస్టర్ బనియన్ బెల్టుకు రాసుకుంటూ ఎగిరితే పుట్టే స్టాటిక్ కరెంటును కూడా పాడ్ గుండె దెబ్బ కిందే లెక్కేస్తుంది. మొదటి పది నిమిషాలు 190, 200. చెమట పట్టినాక తనంతట తనే దారికొస్తుంది. ఓపిక లేకపోతే మెడికల్ షాపులో ఈసీజీ జెల్లీ ట్యూబు దొరుకుతుంది, ఒక్కో ముక్కకు శనగ గింజంత చాలు. ఒంటికి అతుక్కునే బనియన్ వేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో అంకె నిజమే చెబుతుంది కానీ మనమే తప్పుగా చదువుతాం. రక్తం చల్లబడడానికి చర్మం వైపు పోతుంది, చెమటతో రక్తంలో నీళ్ళు తగ్గుతాయి, అదే వేగానికి గుండె పది పదిహేను దెబ్బలు ఎక్కువ కొడుతుంది. ఫాతిమా నగర్ బ్రిడ్జి ఎక్కుడు మీద జనవరిలో 155 ఉన్నది మేలో 168. ఫిట్‌నెస్ పోయిందని బెంగ పెట్టుకోకుండా అంకెను పట్టుకుని వేగం వదిలేయాలి. ఇది తెలియక ఎండాకాలమంతా తమను తాము తిట్టుకునే వాళ్ళు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ లాంటివాటికి పోయేవాళ్ళు బెల్టును వాచీతో ఇంట్లోనే జత చేసుకుని పోవాలి. స్టార్ట్ దగ్గర "కొత్త సెన్సార్ వెతుకు" నొక్కితే పక్కవాడి గుండె మీ వాచీలో కొట్టుకోవచ్చు. అక్కడ మొదటి మూడు కిలోమీటర్లు హుషారుకే ఐదారు దెబ్బలు ఎక్కువుంటాయి, ఆ తర్వాత ఫ్లైఓవర్లు. ప్రతి ఎక్కుడు మీదా థ్రెషోల్డ్ దాటకుండా పట్టుకోవడానికి మాత్రం దీని కన్నా మంచి కాపలా దొరకలేదు.

ఎవరు కొనాలంటే చెప్పడం కష్టం. వారానికి రెండు రోజులు ట్రాక్, ఆదివారం 18 కిలోమీటర్లు పరుగెత్తే వాడకానికి ఇది సరిపోయింది. ఆరోగ్యం కోసం పబ్లిక్ గార్డెన్‌లో అరగంట తిరిగే వాళ్ళకు మెడ మీద రెండు వేళ్ళు చాలు. ఛాతీ చుట్టూ బిగువు గిట్టని వాళ్ళు దండకు, అంటే మోచేతి పైభాగానికి, కట్టే లైటు పట్టీ చూడొచ్చు. మణికట్టు కన్నా దండ తక్కువ అదురుతుంది. గుండెకు సంబంధించిన మందులు వాడేవాళ్ళు జోన్ల లెక్క డాక్టరును అడగకుండా పెట్టుకోవద్దు, కొన్ని మందులు ఆ అంకెనే కిందికి దించుతాయి.

పాడ్ ఇప్పటికీ మొదటిదే, సెల్లు మార్చిన తేదీ దాని మూత మీద మార్కర్‌తో రాసి ఉంటున్నది. మూడో బెల్టును ఇంత పద్ధతిగా కడుగుతున్నా నిన్న చూస్తే ఎడమ బటన్ చుట్టూ సన్నగా పచ్చ గీత. స్పిరిట్ సీసా, టూత్‌బ్రష్ మళ్ళీ బయటికి తీయాలి.