‘వుల్ఫ్ క్రీక్’: భరించలేనిది అందులోని హింసా, ‘నిజంగా జరిగింది’ అన్న మాటా?

గ్రెగ్ మెక్‌లీన్ రాసి, దర్శకత్వం వహించిన ఆస్ట్రేలియా భయానక చిత్రం ‘వుల్ఫ్ క్రీక్’ 2005లో విడుదలైంది. అప్పటి నుంచి నేటి వరకు దానిని చూసినవారు రెండు వర్గాలుగానే ఉన్నారు. ఇంత నీచమైన సినిమా తీయవలసిన అవసరమేమిటని ఒక వర్గం మండిపడుతుంది. భయమంటే ఏమిటో ఈ సినిమాయే చూపించిందని రెండో వర్గం అంటుంది. నేను దీనిని పెర్త్‌లో స్థిరపడిన మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో చూశాను. ఆ రెండు అభిప్రాయాలూ ఆ ఒక్క గదిలోనే ఎదురుపడ్డాయి. సినిమా సగం దాటిన కాసేపటికే వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది. అన్నయ్య మాత్రం చివరి వరకు కదలకుండా చూసి, ఆ దేశంలో కారు మీద దూర ప్రయాణాలు చేసేవాళ్లందరూ చూడవలసిన సినిమా అన్నాడు. వాళ్లిద్దరిలో ఎవరిది పొరపాటని నేను చెప్పలేను గానీ, నా అభిప్రాయం వారి అభిప్రాయాలతో పూర్తిగా కలవదు.

కథ 1999లో మొదలవుతుంది. లిజ్, క్రిస్టీ అనే ఇద్దరు ఇంగ్లండు యువతులు, బెన్ అనే సిడ్నీ కుర్రవాడు కలిసి పడమటి తీరంలోని బ్రూమ్ పట్టణంలో ఒక పాత కారు కొనుక్కుని యాత్రకు బయలుదేరతారు. దారిలో ఉల్క పడి ఏర్పడిన వుల్ఫ్ క్రీక్ అనే పెద్ద గొయ్యిని చూడడానికి ఆగుతారు. తిరిగి వచ్చేసరికి వారి గడియారాలు ఆగిపోయి ఉంటాయి, కారు కదలదు. చీకటి పడ్డాక మిక్ టేలర్ అనే ముసలాయన ట్రక్కులో వచ్చి, బండి బాగుచేసి పెడతానని చెప్పి, వాళ్లను ఎక్కడో పాడుబడిన గని దగ్గరున్న తన మకాంకు లాక్కెళతాడు. ఇక్కడి దాకా రావడానికే సినిమాలో సగం కాలం గడిచిపోతుంది. ఇష్టపడనివారు మొట్టమొదట చేసే ఫిర్యాదు కూడా ఇదే: అంతసేపు ఏమీ జరగదనీ, జరిగినప్పుడు హింస తప్ప మరేమీ ఉండదనీ.

నా దృష్టిలో ఈ సినిమాకు ప్రాణం ఆ మొదటి సగమే. ఈ రకం సినిమాల్లో పాత్రలు సాధారణంగా చావడానికే వరుసలో నిలబడినట్టు ఉంటాయి. ఇక్కడ మాత్రం లిజ్‌కూ బెన్‌కూ మధ్య మొహమాటంగా మొలకెత్తుతున్న ఇష్టం, కారులో పాడుకునే పాటలు, పొద్దుటిపూట సముద్రపు ఒడ్డున పట్టీపట్టనట్టు దొర్లే మాటలు చూస్తూ చూస్తూ, వీళ్లు మనకు తెలిసినవాళ్లే అనిపించే స్థితికి చేరుకుంటాం. కెమెరా కూడా వాళ్లతో ప్రయాణిస్తున్న నాలుగో మనిషి చేతిలో ఉన్నట్టే కదులుతుంది. విల్ గిబ్సన్ డిజిటల్ కెమెరాతో తీసిన ఆ ఆకాశం, ఆ ఎర్రమట్టి, ఎటు చూసినా మనిషి అలికిడి లేని ఆ విశాలం అందంగానే ఉంటాయి. కానీ కేక వేస్తే వినేవాడు లేడన్న సంగతి ఆ అందంలోనే దాగి ఉందని తరువాత గాని తెలియదు.

చలిమంట దగ్గరి సన్నివేశం ఒక్కటి చాలు, దర్శకుడికి తన పని ఎంత తెలుసో గ్రహించడానికి. మిక్ నవ్వుతూ కబుర్లు చెబుతుంటాడు. ఆ నవ్వు పెద్దది, కాస్త మోటుది, మన ఊళ్లో రచ్చబండ దగ్గర వినిపించే నవ్వు వంటిది. బెన్ చనువు తీసుకుని, ఆస్ట్రేలియా పల్లెటూరి మొనగాళ్ల మీద వచ్చిన ఒక పాత సినిమాలోని కత్తి డైలాగును సరదాగా అనుకరిస్తాడు. మిక్ నవ్వు ఆగిపోతుంది. ఏమీ అనడు, కదలడు, ఆ కుర్రవాడి వంక అలా చూస్తూనే ఉంటాడు. మంట చిటపటలు తప్ప మరో చప్పుడు లేని ఆ కొన్ని క్షణాల్లో రక్తం లేదు, ఆయుధం లేదు. కానీ వదిన చేతిలోని టీ కప్పు బల్ల మీదికి చేరింది అప్పుడే. మిక్‌గా జాన్ జారట్ నటన అంతటిది.

ఆ రాత్రి ఇచ్చిన నీళ్లలో మత్తుమందు ఉంటుంది. లిజ్ కళ్లు తెరిచేసరికి కాళ్లూ చేతులూ కట్టేసి, నోటికి గుడ్డ కుక్కి, ఒక రేకుల షెడ్డులో పడేసి ఉంటుంది. కట్లు తెంచుకుని బయటపడగానే పక్క షెడ్డులోంచి క్రిస్టీ అరుపులు వినిపిస్తాయి. ఇక్కడి నుంచి చూపే చిత్రహింస, లైంగిక దాడి బెదిరింపు, వెంటాడి చంపడం చాలామంది భరించలేరు, భరించవలసిన అవసరమూ లేదు. అమెరికాలో 2005 క్రిస్మస్ రోజున విడుదలైనప్పుడు, తొలి ప్రేక్షకుల అభిప్రాయాలను సేకరించే సినిమాస్కోర్‌లో దీనికి అన్నింటికంటే తక్కువదైన ‘ఎఫ్’ గ్రేడు వచ్చింది. ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒక్క నక్షత్రం కూడా ఇవ్వలేదు. అదే సినిమా అదే ఏడాది సన్‌డాన్స్ చిత్రోత్సవంలోనూ, కాన్ చిత్రోత్సవం సందర్భంగా జరిగే డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్‌లోనూ ప్రదర్శితమైంది.

హింస విషయంలో నేను చాలావరకు సినిమా పక్షమే. ఇక్కడ హింస వేడుకగా ఉండదు, చూసేవాడికి ఒళ్లు జలదరించే సరదాను పంచిపెట్టదు. అసహ్యంగా, నొప్పిగా, అర్థరహితంగా ఉంటుంది, నిజానికి హింస ఉండేదీ అలాగే. అయితే లిజ్‌ను కదలలేకుండా చేసే ఆ కత్తిపోటు, దానిని గురించి మిక్ తాపీగా ఇచ్చే వివరణ మాత్రం హద్దు దాటాయి. అక్కడ కెమెరా బాధితురాలిని వదిలి హంతకుడి చమత్కారం వైపు మొగ్గింది. దానికి కొన్ని నిమిషాల ముందే ఒక్క రక్తపు చుక్క లేకుండా అంతకన్నా గట్టిగా భయపెట్టారు: మిక్ పోగేసిన వీడియో కెమెరాలను లిజ్ వెతుకుతూ, తమ సొంత వీడియోలోనే, పెట్రోలు బంకు దగ్గర సరదాగా తీసుకున్న దృశ్యం వెనుక అతని ట్రక్కు నిలిచి ఉండడం చూస్తుంది. అపాయం ఆ రాత్రి మొదలైంది కాదు, ఎప్పటి నుంచో వెంట ఉంది. అంత చేయగలిగిన దర్శకుడికి ఆ కత్తిపోటు అవసరం లేదు.

నా అసలు అభ్యంతరం వేరు. నిజంగా జరిగిన సంఘటనల ఆధారంగా తీశామని సినిమా మొదట్లోనే చెబుతుంది. ఇలా జరిగిన కథ ఏదీ లేదు. వుల్ఫ్ క్రీక్ గొయ్యి వెస్టర్న్ ఆస్ట్రేలియాలో హాల్స్ క్రీక్ పట్టణానికి దక్షిణాన ఉంది, సుమారు 880 మీటర్ల వెడల్పు, అక్కడి జారు ప్రజలు దానిని కాండిమలాల్ అంటారు. సినిమాలోని ఘోరానికీ ఆ చోటికీ సంబంధం లేదు. దర్శకుడు వాడుకున్నది రెండు వేర్వేరు కేసుల నీడలను. ఒకటి, న్యూ సౌత్ వేల్స్‌లోని బెలాంగ్లో అడవిలో 1992, 1993లలో ఏడుగురు యువ యాత్రికుల శవాలు దొరికిన కేసు. ఆ హత్యలకు ఇవాన్ మిలాట్ అనే వ్యక్తికి 1996లో శిక్ష పడింది. రెండోది, 2001 జులైలో నార్తర్న్ టెరిటరీలోని స్టువర్ట్ హైవే మీద పీటర్ ఫాల్కోనియో అనే ఇంగ్లండు యువకుడి హత్య. అతనితో ప్రయాణిస్తున్న యువతి చేతులు కట్టేసి ఉండగానే తప్పించుకుని, చీకట్లో పొదల్లో గంటల తరబడి దాక్కుని బతికింది. ఇంత జరిగాక కూడా పత్రికలూ జనమూ ఆమెనే అనుమానించారు. సినిమా చివర ప్రాణాలతో బయటపడిన బెన్‌ను పోలీసులు అనుమానించడం ఆ అవమానానికి ప్రతిధ్వనే అనిపిస్తుంది.

అన్నింటికన్నా నన్ను కలవరపెట్టేది కాలం. ఫాల్కోనియో హత్య కేసులో నిందితుడు బ్రాడ్లీ మర్డాక్ విచారణ డార్విన్‌లో 2005 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగింది. సినిమా ఆస్ట్రేలియాలో నవంబరులో విడుదలైంది. విచారణ జరుగుతున్న నార్తర్న్ టెరిటరీలో మాత్రం ప్రదర్శన వాయిదా పడింది. కొడుకు శవం కూడా దొరకని తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్లి వస్తున్న వారాల్లోనే, మిగతా నగరాల్లో ‘నిజంగా జరిగింది’ అన్న పోస్టరు కింద టికెట్లు అమ్ముడుపోయాయి. ఇది నేరం కాకపోవచ్చు, కానీ నాకు మింగుడుపడదు. ఆస్ట్రేలియాలో ఏటా 30,000 మంది తప్పిపోయినట్టు ఫిర్యాదులు వస్తాయనీ, 90 శాతం మంది నెలలోపే దొరుకుతారనీ, కొందరు మరెప్పటికీ కనిపించరనీ మొదట్లో వచ్చే అక్షరాలు ఎలాగూ ఉన్నాయి. భయానికి ఆ మూడు వాక్యాలే చాలు.

చూడాలనుకునేవారికి నా సలహా ఇది. పిల్లలున్న ఇంట్లో వద్దు. కిడ్నాప్, చిత్రహింసల దృశ్యాలు పడనివారు మొదటి సగం కోసమైనా ప్రయత్నించవద్దు, ఎందుకంటే అది మిమ్మల్ని ఆ ముగ్గురికీ దగ్గర చేసి, తరువాతి సగాన్ని మరింత దుర్భరం చేస్తుంది. చూడగలిగినవారు రాత్రిపూట, ఫోను పక్కన పెట్టి, మంచి శబ్దంతో చూడండి. ఆ తరువాత వచ్చిన రెండో భాగం జోలికి వెళ్లనవసరం లేదు. అందులో మిక్‌ను చూసి నవ్వుకోమంటారు. మొదటి సినిమాలో చలిమంట దగ్గర అతను నవ్వు ఆపినప్పుడు, గదిలో మాలో ఎవరికీ నవ్వు రాలేదు.